రెండో ఆమెన్

ఆ దుప్పటి ఇవ్వకుండా ఉండాల్సింది, ఇంట్లో ఇంకోటి లేకనా, పగిడయ్య కప్పుకునే గళ్ల దుప్పటి దండెం మీదే ఉంది, అది ఇస్తే సరిపోయేది, సినిమాకు కిటికీ మూయాలంటే తొందరలో చేతికి అందింది ఇచ్చేసింది రుక్మిణి, ఇప్పుడది చర్చి కిటికీకి మేకులతో వేలాడుతోంది, తను పెంచుకుంటున్న పిల్ల జమ్లి నీలం దుప్పటి, మూల కొరికి కొరికి చిరిగినచోట నుంచి మధ్యాహ్నపు ఎండ రూపాయి బిళ్లంత లోపలికి దూరి తెర మీద పడుతోంది, తెల్లవాళ్ల మంచు ఊళ్లో, ఎర్రజుట్టు పిల్లవాడి చెంప పక్కన, వాడు ఎటు పోయినా ఆ చుక్క మాత్రం అక్కడే, ఆ చిరుగు ఈ పిల్ల పళ్లతో చేసింది, నిద్ర పట్టేదాకా ఆ మూల నోట్లో ఉండాల్సిందే, ఉతికి ఆరేసిన రోజు ఆరేదాకా కళ్లు మూసేది కాదు, సాయంత్రం గుండాల బస్సుకు తల్లి వెంట తండాకు వెళ్లిపోతుంది, సంచి పొద్దున్నే సర్దింది, రెండు గౌన్లు, బడి పలక, దువ్వెన, రిబ్బన్లు, ఎర్ర చెప్పులు, అన్నీ పెట్టి దీన్ని మాత్రం కిటికీకి కట్టించింది, రాత్రికి ఆ పిల్ల ఏం నోట్లో పెట్టుకుని పడుకుంటుంది, సినిమా కాగానే అందరికంటే ముందు లేచి ఆ మేకులు పీకాలి, మరిచిపోతే తన అంత పాపిష్టిది ఉండదు.

ఒళ్లో పిల్ల బరువుగా ఉంది, ఏడేళ్లు వస్తున్న దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారా అని వేరే రోజైతే తనే కసిరేది, ఇవాళ పక్కన కూర్చున్న మార్తమ్మ ఆ మాట అంటే, కాళ్లు తిమ్మిరెక్కయా నీకు, దించరాదే, అంటే వినపడనట్టు ఊరుకుంది, ఎక్కితే ఎక్కనీ, రేపటి నుంచి ఖాళీ కాళ్లే కదా, తెర మీద తెల్ల ఆడమనిషి ఎర్రజుట్టు పిల్లవాడికి రొట్టె పెడుతోంది, ఓ నా ప్రియ కుమారుడా, ఈ రొట్టె నీ కొరకే కాల్చబడినది, అని ఎవరో మగవాడు ఆడగొంతు చేసుకుని తెలుగులో అంటున్నాడు, పెదాలు ఒకచోట మాట ఒకచోట, మార్తమ్మకు రొట్టె గొడవ పట్టలేదు, గా పోరనికి తలకు ఇంత నూనె రాయరా, ఎంట్రుకలు గట్ల ఎర్రగైనయేంది, ఎండల తిప్పుతున్నరా ఏంది, అంది, చుట్టూ ఆడవాళ్లు నవ్వారు, జమ్లి కూడా నవ్వింది, ఆ నవ్వు రుక్మిణి పొట్టకు తగిలింది, పిల్ల వీపు తన పొట్టకు ఆనుకుని ఉండటం వల్ల నవ్వు చెవికంటే ముందు పొట్టకే తెలుస్తుంది, ఆ సంగతి ఇన్నాళ్లూ గమనించనే లేదు, గమనించి ఏం చేస్తుంది ఇప్పుడు.

ఈ సినిమా అయ్యగారు తెచ్చారు, అనిల్‌కుమార్ అయ్యగారు, మధిర వైపు మనిషి, పాస్టరుగా ఈ అడవి అంచుకు వచ్చి ఇన్నేళ్లయినా మాట మెత్తదనం పోలేదు, తెర మీద బొమ్మ పడే మిషను కొత్తగూడెం నుంచి కిరాయికి తెప్పించి, పొద్దున ఆరాధన అయ్యాక నిలబడి చెప్పారు, ఆ దేశంలో కూడా ఒక చిన్న చర్చి ఉందమ్మా, ఆ చర్చి వాళ్లు ఇంటికొక దిక్కులేని బిడ్డను తెచ్చుకుని పెంచారు, మనం చేసిన పనే వాళ్లూ చేశారు, అందరం కూర్చుని చూద్దాం, చూశాక మన రుక్మిణమ్మ ముందుకు వచ్చి సాక్ష్యం చెబుతుంది, మన ప్రార్థన విని దేవుడు జమ్లి తల్లి ద్వాలిని ఎలా బాగుచేశాడో చెప్పి, తన చేతులతోనే బిడ్డను తల్లికి అప్పగిస్తుంది, అన్నారు, స్తోత్రం స్తోత్రం అని చప్పట్లు కొట్టారు అందరూ, రుక్మిణి తల వంచుకుంది, వినయం అనుకున్నారు, అయ్యగారిది చెడ్డ మనసు కాదు, అసలు ఆయనకు చెడ్డ మనసు ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు, రెండేళ్ల కిందట కూడా ఇదే గొంతుతో అడిగారు, తల్లో తండ్రో పోయి నలుగురు పిల్లలు మన చుట్టుపక్కల దిక్కులేకుండా ఉన్నారు, ఎక్కడికో పంపడం ఎందుకు, మన ఇళ్లలో పెట్టుకుందాం, ఎవరు తీసుకుంటారు, అంటే, మగవాళ్ల వైపు నుంచి పగిడయ్య లేచి నిలబడ్డాడు, పెళ్లాన్ని ఒక్క మాట అడగలేదు, తునికాకు కల్లంలో కావలి కాసే మనిషి, కట్టల లెక్క చెప్పడానికి తప్ప నోరు విప్పని మనిషి, నిలబడి ఆడవాళ్ల వైపు తిరిగి తనను చూశాడు, ఆ చూపులో వాగు ఒడ్డున పూడ్చిన ఇద్దరు పసిగుడ్లూ కనిపించారు ఆమెకు, లేచి నిలబడింది, వాళ్లు నిలబడ్డాక ఇంకో మూడు ఇళ్లు నిలబడ్డాయి, ఈ పిల్లకు తల్లి ఉందమ్మా, తండ్రి బద్యా కట్టెల లారీ మీది నుంచి పడి పోయాడు, తల్లికి క్షయ, పిల్లను దగ్గర పెట్టుకోవద్దని దవాఖానాలో చెప్పారు, అని అయ్యగారు దాచకుండానే చెప్పారు, తల్లి ఉంది అన్న ముక్క చెవికి తగిలి జారిపోయింది, క్షయ అన్న ముక్క మాత్రం నిలిచిపోయింది, ఆ రోజుల్లో క్షయ వచ్చి లేచి తిరిగిన తండావాళ్లను ఆమె ఎక్కువమందిని చూడలేదు మరి.

ఎవరో దగ్గారు, రుక్మిణి చెయ్యి పిల్ల పొట్ట మీద బిగుసుకుంది, వెనక తలుపు దగ్గర, గోడకు ఆనుకుని ద్వాలి కూర్చుంది, అటు నుంచేనా, కాదు, మగవాళ్ల వైపు, బీడీ దగ్గు, పొడిది, ద్వాలి దగ్గు అలా ఉండదు, తడిగా, లోపల బావి తోడుతున్నట్టు వచ్చేది, అది తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, నెలకొకసారి దవాఖానాలో గోలీలు తీసుకుని తండాకు పోతూ పోతూ కంచె అవతల రోడ్డు మీద నిలబడేది, లోపలికి రా అంటే వచ్చేది కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్ల బొద్దుగైందక్కా, అనేది, అంతే, చేతుల గాజులు సన్నబడ్డ చేతి నుంచి జారిపోతుంటే తీసి కొంగున కట్టుకుంది, ఒకసారి మిరపకాయ ఏరే కూలికి పోయి గోలీలు మధ్యలో మానేసి, తిరగబెట్టి, మంచం పట్టింది, అప్పుడు సూదిమందులు పడ్డాయి నెలల తరబడి, అప్పుడే కదా తను, వద్దు, ఆ సంగతి ఇప్పుడెందుకు, సినిమా చూడు రుక్మిణీ సినిమా చూడు, తెర మీద పిల్లవాడు రొట్టె సగం తిని సగం దిండు కింద దాస్తున్నాడు, తెల్లామె చూసి ఏడుస్తోంది, జమ్లి గౌను జేబులో బెల్లం ముక్క దాస్తే చీమలు పట్టి తొడంతా దద్దుర్లు లేచాయి, ఏందే ఇది అని రెండు అంటించి జేబు దులిపితే, యాడికి, అంది, తల్లిని యాడి అంటారు వాళ్ల మాటలో, తనను మాత్రం అమ్మా అంది, మొదటి వారంలోనే అంది, ఒకరిని యాడి అని ఒకరిని అమ్మ అని, ఎవరి పిలుపు వాళ్లది, ఒకటి ఒకటికి అడ్డం రాలేదు ఆ పిల్లకు, తనకే వచ్చింది, ఇంకా దగ్గు వినపడలేదు వెనక నుంచి, సినిమా మొదలై ఇంతసేపైంది, దుమ్ము ఉంది, ఉక్క ఉంది, ఇన్ని ఊపిరులు ఉన్నాయి, ఒక్కసారి దగ్గితే, ఒక్కసారి ఆ తడి దగ్గు వస్తే, అయ్యగారే అంటారు, ఇంకొన్నాళ్లు ఆగుదామమ్మా అని, ఛీ, ఏం మనసు నాది, చర్చిలో కూర్చుని మనిషికి రోగం రావాలని చెవులు రిక్కిస్తున్నాను, ఛీ అనుకుంది, అనుకుంటూనే చెవులు వెనకే ఉన్నాయి.

ఆదివారం బడిలో ఆ మాట చెప్పిన టీచరమ్మను ఏమనాలి, ఇద్దరు ఒక్కమాట మీద కూడి అడిగితే దేవుడు కాదనడు పిల్లలూ, అని చెప్పింది, మిగతా పిల్లలకు ఆ చెవిన పడి ఈ చెవిన పోయింది, జమ్లి మాత్రం దాన్ని కొంగున మూట కట్టుకున్నట్టు ఇంటికి తెచ్చింది, ఆ రోజు నుంచి పడుకునే ముందు మోకాళ్ల మీద కూర్చుని, దేవా యాడికి దగ్గు తగ్గించు, యేసు నామంలో, ఆమెన్, అని ఒక కన్ను తెరిచి తన వైపు చూసేది, అమ్మా నువ్వు ఆమెన్ అనాలె, ఇద్దరు గావాలె, ఒక్కదాన్నే అంటే పైకి పోదు, అనేది, పగిడయ్య ఆమెన్ అంటే పనికిరాలేదు, బాపు కునుకుతా అంటుండు, నువ్వు అను, అనేది, తనూ అంది, మొదట్లో దయతో అంది, పాపం పసిది అనుకుంటూ అంది, బుధవారం ఆడవాళ్ల కూడికలో ఎవరికి ఏ అవసరత ఉందో చెప్పమంటే పిల్ల చీర పట్టి లాగి లాగి నిలబెట్టింది, సరే, ద్వాలి ఆరోగ్యం కోసం ప్రార్థించండి అని అందరిలో అడిగింది కూడా, ఊరంతా మెచ్చుకుంది, పెంచుకుంటున్న పిల్ల తల్లి బాగుండాలని అడుగుతోంది చూడు, ఎంత మనసో, అని, మనసు, తనకు తెలుసు తన మనసు, ద్వాలికి సూదిమందులు పట్టాయని, మంచం దిగి నాలుగు అడుగులు వేస్తోందని తండా నుంచి కబురు వచ్చిన వారం నుంచి తను ఆమెన్ అనడం మానేసింది, పెదాలు కదిపేది, శబ్దం లేకుండా, చీకట్లో ఏం తెలుస్తుందిలే అని, పిల్ల కళ్లు మూసుకుని కాసేపు ఎదురుచూసి, అమ్మా, నువ్వు అనలే, అంది, అన్నానే, అంటే, నాకు ఇనవడలే, అంది, దేవునికి ఇనవడ్డదిలే పడుకో, అంటే పడుకోలేదు, మోకాళ్ల మీదే కూర్చుంది, దుప్పటి మూల నోట్లో పెట్టుకోలేదు, ఏడవలేదు, అలిగిన పిల్ల అయితే ఏడ్చి పడుకుంటుంది, ఇది అలక కాదు, కాపలా, తను పట్టుదలకు పోయి గోడ వైపు తిరిగి పడుకుంది, ఎంతసేపటికో తిరిగి చూస్తే కూర్చునే నిద్రలో ఊగుతోంది, మెడ వాలిపోతోంది, మళ్లీ ఎత్తుకుంటోంది, అప్పుడు అంది, ఆమెన్ అంది, పళ్ల బిగువున అంది, అని ఒళ్లోకి లాక్కుని పడుకోబెట్టింది, ఆ మర్నాడు నుంచి ప్రతిరోజూ అంది, ఒక్కటీ మనసుతో అనలేదు, దేవుడు మనసు చూస్తాడంటారు కదా, మరి అవి ఎలా లెక్కలోకి వచ్చాయి, వేరేవాళ్ల కొలతలో అయితే తాలు గింజలని చెరిగి పారేసేవాళ్లు, ద్వాలి ఎలా లేచింది.

కరెంటు పోయింది, తెల్లామె నోరు తెరిచి ఏదో అనబోతూ మాయమైంది, అబ్బా అని ఒక్కసారిగా అందరూ, తలుపులు తెరిచారు, వెలుగు మొహాన కొట్టింది, జమ్లి ఒళ్లోంచి చటుక్కున లేచి వెనక్కి పరుగెత్తింది, కాళ్లలో తిమ్మిరి జివ్వుమని పాకింది, రుక్మిణి తల తిప్పి చూసింది, గుమ్మం దగ్గర ద్వాలి పిల్ల రెండు చెంపలూ పట్టుకుని ఏదో అంటోంది, జమ్లి గలగలా ఏదో చెబుతోంది, వాళ్ల మాటలో, తనకు ఒక్క ముక్క అర్థం కాదు, పిల్ల గొంతు కూడా వేరుగా ఉంది, కొంచెం లోతుగా, పెద్దపిల్లలా, రెండేళ్లు తన ఇంట్లో ఉన్న పిల్లలో ఈ గొంతు ఎక్కడ దాగి ఉంది, పొద్దున కూడా ఇలాగే, ద్వాలి వచ్చి మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చి నిలబడింది, మనిషి నిండింది, బుగ్గల్లో గుంటలు పూడాయి, గాజులు చేతికి నిలుస్తున్నాయి, నీళ్లియ్యి అక్కా, అంది, తను చెయ్యి అలవాటు కొద్దీ పైకి చాపి గూట్లో విడిగా పెట్టిన సత్తు గ్లాసు తీసింది, కంచె మీది నుంచి అందించే రోజుల నాటి గ్లాసు, నీళ్లు పోసి అందించేదాకా తెలియనే లేదు, ద్వాలి ఆ గ్లాసు వైపు చూసింది, చెయ్యి చాపింది, మధ్యలో జమ్లి వచ్చి ఆ గ్లాసు తీసుకుని నీళ్లు మునగచెట్టు మొదట్లో పారబోసి, తను తాగే స్టీలు గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చింది, తనను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది, పగిడయ్య అరుగు మీద కూర్చుని పొద్దుటి నుంచి పిల్ల చెప్పు కుడుతున్నాడు, తెగని చెప్పును, కుట్టిన చోటే కుడుతున్నాడు, ఎవల బిడ్డ వాళ్లకు చేరవట్టె, నువ్వు గింత ఆగమైతే ఎట్లనే, అన్నాడు తనతో, అని సూది వేలికి గుచ్చుకుని అబ్బా అన్నాడు, అంత చిన్న పోటుకు మగమనిషి కళ్లలో అన్ని నీళ్లు రావు, చూసీ చూడనట్టు లోపలికి వెళ్లి బియ్యం కడగబోయింది, కడిగే ముందు దేవుడి కుండలో పిడికెడు తీసి వేయాలి, ఆదివారం చర్చికి తేవాలి, రెండేళ్లుగా ఆ పిడికెడు జమ్లిదే, తన గుప్పెడు కంటే చిన్నదని రెండుసార్లు తీసేది, పొద్దున కూడా వచ్చి తీసి వేసి చెయ్యి దులుపుకుని పోయింది, రేపు చాటలో చెయ్యి పెడితే తన పెద్ద చెయ్యే కనిపిస్తుంది.

అయ్యగారు మిషను దగ్గర నుంచి వచ్చారు, ఏమమ్మా రుక్మిణమ్మా, బాగుందా, నేనూ సగమేనమ్మా చూసింది, మా ఇంట్లో చూస్తుంటే ఇలాగే కరెంటు పోయింది, ఆ సగానికే కళ్లు చెమర్చాయి, మంచి సినిమా, అన్నారు, సాక్ష్యం పెద్దగా అక్కర్లేదు తల్లీ, మనసులో ఉన్నదే చెప్పు, అన్నారు, మనసులో ఉన్నది, చెప్పమంటారా, అయ్యగారూ, మీ అందరి ప్రార్థనా నా కొంపకే తగిలింది, నా నోటితో నేనే అడిగి నా ఒడి నేనే ఖాళీ చేసుకున్నా, కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడు నాకంటే నయం, వాడికి గొడ్డలి పట్టిచ్చి కొట్టు కొట్టు అని ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంటే ఏమంటారు, అట్లనే అయ్యగారూ, అంది, కరెంటు వచ్చింది, తలుపులు మూశారు, జమ్లి తిరిగి వచ్చింది, వచ్చి తన ఒళ్లోనే కూర్చుంది, ఆ మాత్రానికే గుండె ఎంత పొంగిందో చెప్పుకుంటే సిగ్గు.

సినిమా చివరికి వచ్చినట్టుంది, ఎర్రజుట్టు పిల్లవాడు ఇప్పుడు నవ్వుతున్నాడు, వాడి తలకు ఎవరో నూనె రాసినట్టే ఉంది, మార్తమ్మ తృప్తి పడింది, వాడిని కన్న తల్లి ఒకే ఒక్కసారి కనిపించింది సినిమా మొదట్లో, ఒక తలుపు దగ్గర, జుట్టు రేగి, చేతిలో సిగరెట్టు, తలుపు మూసేసింది, అంతే, మళ్లీ రాలేదు, రానందుకు రుక్మిణికి ఎంత హాయిగా ఉందో, సినిమా అంటే ఇలా ఉండాలి, రాకూడని మనిషి రాకుండా, ఇప్పుడు పెద్ద గది, నల్లకోటు జడ్జి, చర్చి వాళ్లంతా కొత్త బట్టల్లో కూర్చున్నారు, జడ్జి కర్ర సుత్తి ఎత్తి, ఈ దినము మొదలుకొని ఈ బాలుడు శాశ్వతముగా మీ కుమారుడు, అని బల్ల మీద కొట్టాడు, తెర మీద అందరూ లేచి చప్పట్లు కొట్టారు, తెర ముందు వీళ్లూ కొట్టారు, కొట్టి, ఒక్కొక్కరే ఇవాళ్టి అప్పగింత గుర్తుకు తెచ్చుకుని ఆపేశారు, మార్తమ్మ చేతులు గాల్లోనే ఆగాయి, అయ్యగారు మిషను దగ్గర సగం లేచి నిలబడ్డారు, ఏ మీట నొక్కాలో తెలియని మనిషిలా, పాపం ఆయన మొహం చూడలేక రుక్మిణి తెర వైపే చూసింది, నాకు కూడా ఒక సుత్తి కొట్టే మనిషి ఉంటే, శాశ్వతముగా అని ఒక్క దెబ్బ, అంతలో ఒళ్లో పిల్ల తల పైకెత్తి గుసగుసగా, అమ్మా, గా పిల్లగాని యాడి ఏడికి పోయింది, అంది, తెల్వదు బిడ్డా, సినిమాల సూపియ్యలే, అంది తను, ఆమెకు బాగలేకుండెనా, అంది పిల్ల, ఉండెనేమో, అంది తను, పిల్ల తెర వైపు చూసి, మరి అన్ని ఇండ్లోళ్లు ఉన్నరు గదా, ఎవలు ఆమెన్ అనలేదా, అంది.

చర్చి లైటు వేశారు, రుక్మిణమ్మా రా తల్లీ, అంటున్నారు అయ్యగారు, గొంతులో జంకు ఉంది, అందరూ తల తిప్పి చూస్తున్నారు, పగిడయ్య తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు, ద్వాలి తలుపు దగ్గర లేచి నిలబడి ఉంది, ముందుకు రావాలో వద్దో తెలియక, ఆమె కూడా చూసింది కదా ఆ సినిమా, కన్నతల్లి తలుపు వేసుకుని పోయిన సినిమా, వెనక గోడకు ఆనుకుని ఒక్కతే ఎలా చూసింది, ఆ మాట తనకు ఇప్పటిదాకా తట్టనే లేదు, లేచింది రుక్మిణి, పిల్లను చేత్తో పట్టుకుని లేచింది, ముందుకు పోవాల్సిన కాళ్లు కిటికీ వైపు పోయాయి, దుప్పటి, ముందు దుప్పటి, లేకపోతే మరిచిపోతాను, మేకులు గట్టిగా కొట్టారు, గుంజింది, రాలేదు, ద్వాలి వచ్చి రెండో కొస పట్టుకుంది, పట్టు అక్కా, అంది, ఇద్దరూ కలిసి గుంజారు, దుప్పటి ఒక్కసారిగా ఊడి వచ్చింది, ఏళ్ల నాటి కిటికీ దుమ్ము, పైకప్పు బూజు, ఎండలో పొగలా లేచింది, ద్వాలి దగ్గింది.

దగ్గింది, ఒకటి, వెంటనే ఇంకోటి, వంగిపోయి, కొంగు నోటికి పెట్టుకుని, కంచె అవతల నిలబడిన రోజుల్లో లాగే, మధ్యాహ్నం నుంచి తను చెవులు చాపి వెతికిన దగ్గు ఇదే, వచ్చింది, అడిగినట్టే వచ్చింది, సంతోషం ఏది, సంతోషం రాలేదు, వద్దు, దేవా వద్దు, ఇది వద్దు, వెనక్కి తీసుకో, అని ఒళ్లంతా అంటోంది, పిల్ల మొహం చూసింది, రక్తం లేదు ఆ మొహంలో, పిల్ల తల్లి వైపు పోలేదు, ఏడవలేదు, తన చెయ్యి గట్టిగా పట్టుకుని, అందరి మధ్య, దుమ్ములో, కళ్లు మూసుకుని, దేవా యాడికి దగ్గు తగ్గించు, అని మొదలుపెట్టింది, యేసు నామంలో అనే మాట పిల్ల నోట్లో ఉండగానే రుక్మిణి ఆమెన్ అంది, పెద్దగా అంది, అయ్యగారి కంటే ముందు, పగిడయ్య కంటే ముందు, ఆ గొంతు తనదేనా అనిపించేంత పెద్దగా, ద్వాలి నిటారుగా లేచి కళ్లు తుడుచుకుంది, దుమ్మక్కా, ఉత్త దుమ్మే, అంది నవ్వుతూ, నిజంగానే దుమ్మే, పొడి దగ్గు, లోపల తడి లేదు, రుక్మిణికి తెలుసు ఆ తేడా, తెలిసి కిటికీ అంచు పట్టుకుంది, పిల్ల ఒక కన్ను తెరిచి తన వైపు చూసింది, ఇనవడ్డది, అంది.

అయ్యగారు ఎదురుచూస్తున్నారు, అందరూ ఎదురుచూస్తున్నారు సాక్ష్యం కోసం, రుక్మిణి దుప్పటి దులిపి, చిరిగిన మూల పైకి వచ్చేట్టు మడత పెడుతోంది, కళ్ల నీళ్లు ధారగా పోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, ఈ పిల్ల తన ఒడి నింపడానికి వచ్చిందనుకుంది ఇన్నాళ్లూ, ఆ లెక్కనే తిప్పి తిప్పి ఏడ్చింది, ఇద్దరు కావాలి అని మొదటి రోజే చెప్పింది కదా పిల్ల, ఇంత విప్పి చెప్పింది కదా, యాడి బతకడానికి పిల్లది కాక ఇంకో గొంతు కావాలని, దాన్ని వెతుక్కుంటూ తన గడప ఎక్కింది, బాపుది వద్దంది, ఊరందరూ అన్నా తనదే కావాలంది, తను పళ్ల బిగువున ఇచ్చినా తీసుకుంది, చాలుతుందా, చాలు, చాలకపోయినా అంతే, దుప్పటి ద్వాలి చేతుల్లో పెట్టింది, మూల నోట్లె పెట్టుకుంటది, గుంజకు చెల్లె, అంది, నిద్రపట్టినంక దానంతటదే ఇడుస్తది.